అరిగేదాకా చదువు

గిర్మాజిపేటలో వెంకట్రాజం కిరాణా దుకాణం ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక్క గోడే అడ్డం. లోపల పోపు చిటపటమంటే చాలు, బేరం చేస్తున్నవాళ్ళు కూడా ఇవ్వాళ పప్పుచారా, మజ్జిగపులుసా అని చెప్పేసేవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఆ పోపు పెట్టింది వెంకట్రాజం భార్య రాజేశ్వరి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది ఎండాకాలంలో ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. పొయ్యి ముందు కూర్చుంటే లేవడం కష్టమైంది. అప్పుడు గంటె కోడలి చేతికిచ్చింది.

కోడలు కళావతి మడికొండ పిల్ల. కొడుకు మల్లికార్జున్‌కు చేసుకుని అప్పటికి నాలుగు నెలలు. మాట తక్కువ, పని నెమ్మది. పుంటికూర తెంపడానికి కూర్చుంటే ఒక్కో ఆకునూ అటూ ఇటూ తిప్పి చూసేది.

"ఆకు తెంపుతానవా, దాంతోని ముచ్చట వెడ్తానవా పిల్లా?" అనేది రాజేశ్వరి. కళావతి నవ్వి ఇంకో ఆకు తిప్పేది.

ఆ పిల్ల వంట మొదలుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో, పగటి అన్నం తిన్న తర్వాత వెంకట్రాజం దుకాణంలో కూర్చుని, చిటికెడు బియ్యప్పిండి తీసుకుని ముందున్న చెక్క మీద చుక్కలు పెట్టాడు. చుక్కల చుట్టూ మెలికల ముగ్గు తిప్పాడు. బుద్ధెరిగి ఆయన ముగ్గు వేసింది లేదు. మరునాడు మల్లికార్జున్ బస్తాకు కట్టిన పురికొసను మూడు పాయలు చేసి జడ అల్లాడు. పల్లీల కోసం వచ్చిన ఒకామె చూసి, "పాయలు జర బిగియ గుంజు బిడ్డా," అని చెప్పి తన దారిన పోయింది. కళావతి వండింది తింటే కళావతికి వచ్చిన పనులు తిన్నవాళ్ళకు వచ్చేవి. తిన్నది అరిగితే పోయేవి. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా అనుకోలేదు. అన్నం తింటే బలం వస్తుంది, ఇదీ అంతే అన్నట్టు ఉన్నారు.

తికమక పడింది రాజేశ్వరి ఒక్కతే. ముగ్గూ జడా ఆమెకు ఎప్పుడో వచ్చు. ఆమెకు కొత్తగా వచ్చింది వేరేది.

ఆ రోజు పచ్చిపులుసు. కళావతి పచ్చి మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, చింతపండు రసంలో ఉల్లిగడ్డతో కలిపి నలిపి, వేయించిన నువ్వులపొడి చల్లింది. రాజేశ్వరి రెండుసార్లు కలుపుకుని తిని, గడప దగ్గర కూర్చుని జీలకర్ర పొట్లం విప్పింది. పొట్లం కాగితం మీద ఎప్పుడూ నల్లటి చీమల్లా కనిపించేవి ఉన్నట్టుండి మాటలయ్యాయి. ఈసారి వానలు వెనకపట్టు, అంటున్నాయి. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"పిల్లా, ఎవరన్న మాట్లాడిండ్రా?"

"లేదత్తమ్మా."

"వానలని ఎవరో అన్నట్టైంది."

కళావతి వచ్చి కాగితం చూసింది. "ఈడ రాసున్నది గద. మా నాయిన దుకాణంల గిసువంటి కాగితాలే ఉంటుండె. పొట్లాలు గట్టుకుంట అచ్చరాలు నేర్చుకున్న." ఆ వెంటనే భయపడి, "తప్పా అత్తమ్మా?" అంది.

ఆ ఇంట్లో ఆడవాళ్ళెవరూ చదువుకోలేదు. తప్పే అని చెప్పడానికి రాజేశ్వరి నోరు తెరిచింది. కానీ అప్పటికే ఆమె కళ్ళు రెండో వరుసలోకి పోయాయి. "తప్పేంది గని... పో, నువ్వు తినుపో," అంది.

పచ్చిపులుసు బలం ఎంతసేపు? ఆమె కునుకు తీసి లేచేసరికి కాగితం మీద మళ్ళీ చీమలే. కల వచ్చిందేమో అనుకుంది. మరునాడు బీరకాయ కూర తిన్నాక గోడకున్న క్యాలెండరు మీద శుక్రవారం అన్న మాట కనిపించింది. ఆ మరునాడు మజ్జిగపులుసు తిని అగ్గిపెట్టె మీద ఉన్నది చదివింది. సాయంత్రమయ్యేసరికి, అది నిజంగా తను చదివిందా, ఎవరైనా చెవిలో చెప్పిందా అని సందేహం వచ్చేది. ఒకటి మాత్రం తెలుసుకుంది. పులుసుకు తక్కువ, పప్పుకు ఎక్కువ.

మళ్ళీ పప్పు వండిన రోజున ఆమెకు ఉత్తరం గుర్తొచ్చింది.

ఇరవై ఏళ్ళ కింద చెల్లెలు సమ్మమ్మ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఎవరితోనో రాయించి పంపిన ఉత్తరం అది. సమ్మమ్మకు పదిహేనేళ్ళకే మొగుడు పోయాడు. అత్తగారింట్లోనే ఉండిపోయింది. ఉత్తరం వచ్చినప్పుడు వెంకట్రాజమే చదివి వినిపించాడు. అందరం క్షేమం, నాకేం తక్కువ లేదు, నువ్వు పిల్లలు గలదానివి, నన్ను చూడ రావద్దు. ఆ నాలుగు మాటలూ రాజేశ్వరికి నోటికి వచ్చు. ఆ రావద్దు అన్న మాటే ముల్లులా దిగింది. వద్దన్న చోటికి నేనెందుకు పోవాలి అని పోలేదు. ఏడాది, రెండేళ్ళు అలా పోయాక కోపం చల్లారినా పోకపోవడం అలవాటైపోయింది. రైలెక్కితే గంటన్నర దూరం.

పెట్టె అడుగున పెళ్ళిచీర కింద నుంచి ఉత్తరం తీసి కిటికీ దగ్గర కూర్చుంది. చేతిరాత, గొలుసుకట్టు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది.

"మహాలక్ష్మీ సమానురాలైన అక్క రాజేశ్వరమ్మ గారికి చెల్లెలు సమ్మమ్మ మొక్కి వ్రాయించుకొనునది. అక్కా, ఇక్కడ నాకు బాగుగా లేదు. దినమునకు ఒక్క పూట తిండి పెట్టుచున్నారు. బావగారితో చెప్పి నన్ను"

నన్ను అన్న మాట దగ్గర పప్పు అరిగిపోయింది. అక్షరాలు చీమలైపోయాయి.

రాజేశ్వరి కాగితం తిప్పింది, వెలుతురుకు పట్టుకుంది, కళ్ళు తుడుచుకుంది. ఇది ఆ ఉత్తరమేనా? లేక ఇంకోటి ఉందా? పెట్టెంతా తీసింది. ఉన్నది ఒక్కటే. అప్పుడామెకు ఇంకో అనుమానం వచ్చింది. కోడలి కళ్ళతో చదివితే కోడలి కష్టమే కనిపించిందేమో. లేచి కుంటుకుంటూ వంటింట్లోకి పోయింది.

"పిల్లా, నీకీడ తిండి సరిపోతాందా?"

కళావతి గంజు గిన్నె తోముతున్నదల్లా ఆగింది. "సరిపోతాంది అత్తమ్మా."

"ఒక్కపూటనే తింటలేవు గద?"

"లేదు. పొద్దుగాల గూడ రొట్టె తిన్న." ఏం తప్పు జరిగిందో తెలియక ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. రాజేశ్వరికి ఇంకా అయోమయమైంది.

మరునాటి నుంచి కళావతి మూడు రోజులు దూరం కూర్చుంది. వంట మళ్ళీ రాజేశ్వరిదే. మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, కూర్చుంటూ వండింది. తన వంట తిని తను ఎంతసేపు చూసినా ఉత్తరం మాట్లాడలేదు. పెరటి గోడ పక్కన చాప మీద కూర్చున్న కోడలి ముందుకు రెండుసార్లు ఆ కాగితం పట్టుకుని పోయింది. చదవమంటే ఒక్క నిమిషం పని. రెండుసార్లూ వెనక్కి వచ్చింది. ఒకరు చదివి చెప్తే విన్నది ఒకసారి చాలు అనిపించింది.

"ఎన్నొద్దులాయె నీ చేతి పప్పు తిని," అన్నాడు వెంకట్రాజం, విస్తరి ముందు వంగి. రాజేశ్వరి నెయ్యి వడ్డిస్తూ ఆయన్ని చూసింది. మల్లికార్జున్ పుట్టినప్పుడు దవాఖాన అరుగు మీద రెండు రోజులు తిండి లేకుండా కూర్చున్న మనిషి. ఆ మనిషీ, ఉత్తరం చదివిన మనిషీ ఒక్కరే ఎలా అవుతారో ఆమెకు పాలుపోలేదు.

నాలుగో రోజు కళావతి తలస్నానం చేసి వంటింట్లోకి రాగానే రాజేశ్వరి అంది, "పిల్లా, కడుపుల గట్టిగ నిలిసేది ఏమన్న చెయ్యి."

"సర్వపిండి చెయ్యాల్నా?"

"చెయ్యి. శనగపప్పు ఎక్కువెయ్యి."

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి కళావతి గట్టిగా కలిపింది. గంజుకు నూనె రాసి, లోపలి అంచుల దాకా పిండి అద్ది, వేలితో బొక్కలు పెట్టి ఒక్కో బొక్కలో నూనె చుక్క వదిలింది. మూత పెట్టి సన్నటి సెగ మీద ఎర్రగా కాలనిచ్చింది. రాజేశ్వరి ఎప్పుడూ ఒకటికి మించి తినదు. ఆ రోజు రెండున్నర తింది. తిని, మొదటి నుంచి చదివింది.

"బావగారితో చెప్పి నన్ను నీ వద్దకు తీసుకొనిపొమ్ము. వంటింటిలో ఏ పని చెప్పినను చేసెదను. పొయ్యి ప్రక్కనే పండుకొనెదను. నీవు వచ్చువరకు రైలు దిగిన వారినందరిని చూచుచుందును."

క్షేమం అన్న మాట లేదు. రావద్దు అన్న మాట ఎక్కడా లేదు. మూడుసార్లు చదివింది. సర్వపిండి గట్టిది, అక్షరాలు కదల్లేదు.

దుకాణంలో ఎవరూ లేని వేళ చూసి పోయింది. వెంకట్రాజం పిండితో చుక్కలు పెడుతున్నాడు.

"ఇగో, ఇనుండ్రి," అని ఉత్తరమంతా పైకి చదివింది. ఆమె ఎలా చదువుతోందని ఆయన అడగలేదు. వేళ్ళ మధ్య పిండి అలాగే ఉండిపోయింది.

"అప్పుడు మా అమ్మ బతికుండె," అన్నాడు చివరికి. "మొగడు పోయినామెను గడప దొక్కనియ్య అన్నది. నీకు చెప్తె ఏడుస్తవని..."

"ఇరవై ఏండ్లు ఏడ్వకుంట ఉన్ననా?"

"అమ్మ పోయినంక చెప్దామనుకున్న. అప్పటికే మస్తు ఆలిశమైంది. ఎట్ల చెప్పాల్నో తెల్వలే."

కోపమో, జాలో, కడుపులోని సర్వపిండి బరువో రాజేశ్వరికి తెలియలేదు. ఉత్తరం మడిచి కొంగున ముడేసుకుంది. "రేపు పొద్దుగాల బండికి పోతాన," అంది.

"నేను గూడ రావాల్నా?"

"వద్దు."

తెల్లారి కళావతి రెండు సర్వపిండులు మోదుగాకులో చుట్టి ఇచ్చింది. కాజీపేట దాటాక రాజేశ్వరి ఒకటి తింది. ఆగిన ప్రతి స్టేషను దగ్గరా పలక మీద ఉర్దూ కింద ఉన్న తెలుగు చదువుకుంటూ, ఘన్‌పూర్ అని చూసి దిగింది. ఇల్లు కనుక్కోవడానికి ముగ్గుర్ని అడగాల్సి వచ్చింది.

పెరటి వాకిట్లో తెల్లచీర కట్టుకున్న ఒకామె చాటలో బియ్యం చెరుగుతోంది. జుట్టు నెరిసింది, వీపు వంగింది. తమ అమ్మనే చూసినట్టై రాజేశ్వరి ఆగిపోయింది. బియ్యం చెరుగుతున్నామె తలెత్తి చూసింది.

"అక్కా?"

"ఆ, నేనే."

సమ్మమ్మ ఏడవలేదు. చాట కింద పెట్టలేదు కూడా. "ఉత్తరం రాయించిన. నీకు అందలేదేమో అనుకున్న," అంది, నిన్న మొన్న రాయించినట్టు.

"అందింది సమ్మా. నిన్ననే సదివిన."

"నీకు సదువొచ్చా?"

"కోడలు వండింది తింటె వస్తది."

సమ్మమ్మ అలాగా అన్నట్టు తలూపింది. వంటింట్లో ఎసరు మరిగి మూత ఎగురుతోంది. లోపలి నుంచి ఎవరో గట్టిగా, "బియ్యం వేసినవా లేదా?" అని అరిచారు.

"ఎందరికి వండుతవు?" అని అడిగింది రాజేశ్వరి.

"పదకొండు మందికి. అందరు తిన్నంక నాకు."

"సంచి గిట్ల ఉన్నదా?"

"ఒక చీరెనే."

సమ్మమ్మ చాటలో బియ్యాన్ని చూసింది, అక్కను చూసింది. చాట గోడకు ఆనించి, వంటింట్లోకి పోయి, పొయ్యిలో కట్టెలు ఒక్కొక్కటే బయటకు గుంజి నీళ్ళు చల్లింది. చుయ్‌మని లేచిన పొగలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "బండి ఎన్ని గంటలకు అక్కా?" అంది.