అరువు ముక్కు

మా బావమరిది ఆ స్లో కుక్కర్‌ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని మా ఇంటికి తెచ్చాడు. కరెంటు మీద సన్నసెగన గంటల తరబడి ఉడికించే పాత్ర అది. లోపల బరువైన పింగాణీ గిన్నె, పైన గాజు మూత, పక్కన ఒక చిన్న మీట.

"ఎక్కడ పెట్టమంటావు బావా?"

"ఎక్కడైనా పెట్టు. మీ అక్క పోయాక గట్టంతా ఖాళీయే."

వాడు కుక్కర్ దించి, గట్టును వేలితో రాసి చూసి, గుడ్డ తడిపి తుడిచాడు. వంటవాడి అలవాటు. ఒక కర్మాగారం క్యాంటీన్‌లో వాడు హెడ్ కుక్. అక్కడ అందరికీ వాడు 'మాస్టర్'. మధ్యాహ్నం గంట కొట్టేసరికి మూడు వందల మందికి పైగా వాడి చేతి వంట తింటారు.

ఆమధ్య వాడికి ఒక జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ వాసన పట్టే శక్తిని తీసుకుపోయింది. ఉప్పు, పులుపు, కారం నాలుక మీద మొద్దుగా తెలుస్తాయి. అంతకుమించి ఏమీ లేదు. డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడట. పొద్దునా సాయంత్రం లవంగాలూ నిమ్మతొక్కా వాసన చూస్తూ ఉండమన్నాడట.

"చూస్తూనే ఉన్నాను బావా. గోడకి ముక్కు ఆనించినట్టుంది."

ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ వాడి భార్యా. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, పాలు మాడి ఇల్లంతా కమురు కమ్మేస్తే ఈయన పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు" అని ఏడ్చింది. నేను ఏదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

ఇంతలో క్యాంటీన్‌లో కొత్త గొడవ మొదలైంది. పనివాళ్ళకు బీపీలు పెరుగుతున్నాయని, నూనె తక్కువ వంటలకు వేరే కౌంటర్ పెట్టాలనుకున్నారు. అందుకే ఈ స్లో కుక్కర్లు కొన్నారు. చర్మం తీసేసిన కోడి బ్రెస్ట్ ముక్కలతో, ఆసుపత్రి తిండిలా కాకుండా, ఘాటుగా రుచిగా ఏదైనా చేసి సోమవారం చూపించమన్నారు. నచ్చితే కౌంటర్ వాడిది. నచ్చకపోతే బయటి కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారు. అప్పుడు ఆ వంటింట్లో వాడి అవసరం ఏపాటిదో ఎవరైనా లెక్క వేస్తారు.

"ఒక్క వారం నీ ముక్కు అరువివ్వు బావా," అన్నాడు.

మొదటిరోజు పొద్దున్నే ముక్కలు, మసాలా పొడులు, ఉల్లిపాయలు వేసి మూత పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇద్దరం ఇంటికొచ్చాక తీశాం.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"బాగానే ఉంది."

"నువ్వు పెళ్ళిచూపులకొచ్చావా బావా, రుచి చూడ్డానికొచ్చావా? అమ్మాయి నచ్చకపోయినా బాగుందంటారు. మా అక్క నిన్నెంత పాడుచేసిందో చూడు."

"మీ అక్క వంటకు వంక పెడితే మర్నాడు వంటే ఉండేది కాదురా."

వాడు ఒక ముక్క నమిలాడు. వాసన లేకపోయినా పళ్ళకు తెలుస్తుంది కదా.

"ఇది మాంసం కాదు, కొబ్బరి పీచు. కాలు ముక్కయితే రోజంతా ఉడికినా ఓర్చుకుంటుంది. దీనికి కొవ్వా చర్మమా? ఎండిపోయింది. పైగా ఇందులోంచి ఆవిరి బయటికి పోదు. ఊరిన నీళ్ళన్నీ లోపలే. పొద్దున వేసిన పొడులు ఆ నీళ్ళలో పడి చచ్చుంటాయి. చచ్చాయని తెలుసు. ఎంత చచ్చాయో నువ్వు చెప్పాలి."

నేను చెప్పలేకపోయాను. నోట్లో ఏదో ఉంది, ఏదో లేదు. దాన్ని మాటల్లో పెట్టడం నాకు చేతకాలేదు. వాడు నా మొహం వైపే చూస్తున్నాడు. మా దుకాణంలో కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళు, అక్షరాలు కనిపించనప్పుడు, నా మొహం వైపు అలాగే చూస్తారు.

అప్పుడు తట్టింది. నేను కళ్ళు పరీక్ష చేసేవాడిని. ఎవరినీ 'ఎలా కనిపిస్తోంది' అని అడగను. అడిగితే 'బాగానే ఉంది' అంటారు. ఒక అద్దం వేస్తాను, తీసి ఇంకోటి వేస్తాను. 'ఇదా, ఇందాకటిదా' అంటాను. ఎంత మొహమాటస్థుడైనా దానికి జవాబు చెబుతాడు.

"రెండు గిన్నెల్లో పెట్టరా," అన్నాను. "రెంటికీ ఒక్కటే తేడా ఉండాలి. ఏది మేలో చెబుతాను."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మో, చదువుకున్నవాడివే."

ఆ వారమంతా సాయంత్రాలు అదే పని. ఒక గిన్నెలో మొదట్లోనే వేసిన వెల్లుల్లి, ఇంకోదాంట్లో దించే ముందు దంచి కలిపిన వెల్లుల్లి. ఒకదాంట్లో మిరియాల పొడి, ఇంకోదాంట్లో గింజలు. వేయించిన ఎండుమిర్చిని వెనిగర్‌తో నూరిన ముద్ద, అందులో నారింజ తొక్క వేసీ, వేయకా. నేను "మొదటిది" అనో "రెండోది" అనో అనేవాణ్ణి. వాడు తలాడించి, చెడ్డదాన్ని పక్కకు తోసేవాడు. ముక్కల్ని రోజంతా ఉంచడం మానేశాం. మూడు గంటల లోపే తీసి, ఫోర్కుతో చీల్చి, మళ్ళీ ఆ రసంలోనే వేస్తే మెత్తగా ఉండేవి.

వాడికి కష్టమైంది ఒక్కటే, మూత తీయకుండా ఉండటం. తీస్తే వేడి పోయి కథ మళ్ళీ మొదటికొస్తుంది. ముప్పై ఏళ్ళు మంట ముందు నిలబడి కలుపుతూ, తిప్పుతూ, ఉప్పు విసురుతూ బతికినవాడు. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గాజు మూతకి లోపలివైపు నీటిబొట్లు జారడం చూస్తూ ఉండేవాడు.

"ఇది వంట కాదు బావా. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ."

శనివారం చేసింది నేను రెండోసారి వడ్డించుకుని తిన్నాను. ఎవరూ బలవంతం చేయకుండా అలా వడ్డించుకోవడం, మా ఆవిడ పోయాక అదే మొదలు. వాడు చూశాడు కానీ వేళాకోళం చేయలేదు. ఆ రాత్రే క్యాంటీన్‌కు వెళ్ళి, సోమవారానికి కావలసిన ముక్కలన్నిటికీ ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాడు. ఆదివారం క్యాంటీన్‌కు సెలవు.

సోమవారం నేను దుకాణానికి సెలవు పెట్టి వాడితో వెళ్ళాను. "మా బావ. వంటిల్లు చూస్తానంటే తీసుకొచ్చాను," అని చెప్పాడు. ఎవరూ నన్ను పెద్దగా పట్టించుకోలేదు. కూరలు తరిగే ఆవిడ ఒక్కత్తే నాకు స్టూలు జరిపి, దాని మీది నీళ్ళు కొంగుతో తుడిచింది. అందరికంటే వయసులో పెద్దది. వాళ్ళందరికీ ఆవిడ పిన్ని. అవతలి హాల్లో రుచి చూసేవాళ్ళ కోసం బల్ల మీద గుడ్డ పరుస్తున్నారు.

మావాడు ఫ్రిజ్‌లోంచి పెద్ద స్టీలు డబ్బా తీసి మూత తెరిచాడు. ముక్కలన్నీ ఎర్రటి ముద్దలో మునిగి ఉన్నాయి. ఒకటి చేత్తో ఎత్తి, తిప్పి చూసి, "బాగా పట్టింది," అన్నాడు. తర్వాత అందరికీ వీపు పెట్టి, డబ్బా నా వైపు వంచి, "ఊఁ?" అన్నాడు.

నేను వంగాను. మొదట మిర్చి వాసన తగిలింది. తర్వాత వెల్లుల్లి, నారింజ తొక్క. వాటి కింద ఇంకేదో ఉంది.

పచ్చి మాంసం ఇలాగే ఉంటుందేమో. నాకేం తెలుసు? వారమంతా నేను చూసింది ఉడికినదాన్నే. పోల్చుకుందామంటే పక్కన రెండో గిన్నె లేదు. వాడు ఎదురుచూస్తున్నాడు. నేను 'సరే' అంటే చాలు. ఆ మిర్చి, ఆ వెనిగర్, మూడు గంటల వేడి దాన్ని కప్పేస్తాయి. వారం రోజులుగా మేమిద్దరం కష్టపడి నేర్చుకున్న ఘాటు అంతా అందుకు పనికొస్తుంది. ఎవరికీ తెలియదు. ఎవరికీ ఏమీ కాకపోవచ్చు కూడా.

"ఏరా," అన్నాను మెల్లగా. "అదోరకం వాసనొస్తోంది."

"మిర్చి ఎక్కువైందా?"

"మసాలా కాదు. దాని అడుగున. తడిగుడ్డ ఉండచుట్టి మూలన పడేసి మర్చిపోతే వస్తుంది చూడు, అలాంటిది."

వాడు డబ్బాను మొహం దగ్గరికి తీసుకున్నాడు. ముక్కు ముద్దకు తగిలేంత దగ్గరికి. గుండెలు ఉబ్బేలా గాలి పీల్చాడు. ఆగి, మళ్ళీ పీల్చాడు. మొహంలో ఏమీ మారలేదు. నేను కిటికీ వైపు తిరిగాను. చూడలేకపోయాను.

"పిన్నీ! ఒకసారి ఇలా రా."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగీ వంగకముందే వెనక్కి జరిగింది.

"ఛీ ఛీ, ఇది పోయింది మాస్టరూ! ఇంత కంపు కొడుతుంటే..." అంటూ వాడి మొహం చూసి ఠక్కున ఆపేసింది. ఆపి, ఫ్రిజ్ పైఅర తెరిచి లోపలికి చూసింది. "ఐసంతా కరిగి మళ్ళీ గడ్డకట్టింది. నిన్న ఎవరూ లేనప్పుడు కరెంటు పోయుంటుంది."

అలాంటప్పుడు మాంసం రంగు మారుతుంది, చేతికి జిగురు తగులుతుంది. మావాడు ఆమాత్రం కనిపెట్టలేనివాడు కాదు. కానీ రంగును మిర్చి మింగేసింది, జిగురును ముద్ద కప్పేసింది. ఇక మిగిలింది వాసనొక్కటే.

డబ్బా మొత్తం వాడే తీసుకెళ్ళి చెత్తలో దులిపాడు. అంతలో మేనేజరు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్థుడు. సంగతి విని తల పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు.

"అంత మసాలాలో ఎలా పసిగట్టారు మాస్టర్! ముక్కంటే మీదే. ఈ కౌంటర్‌కి మీరే ఉండాలని నేను అన్నదందుకే. ఏం ఫరవాలేదు, గురువారం పెట్టుకుందాం," అని వాడి భుజం తట్టాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గురువారం కూడా సెలవు పెట్టొచ్చు, గుడ్డిలో మెల్ల అనుకున్నాను. ఆ తర్వాత శుక్రవారం? ఆ పై సోమవారం? రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు ఈ డబ్బా మూత తీయాలి. నేను ఆ లెక్కలో ఉండగానే వాడు మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు.

"పసిగట్టింది నేను కాదు సార్. మా బావ."

"ఆహా, అయితే వంశంలోనే..."

"నాకు వాసన తెలీదు సార్. ఆ జ్వరం వచ్చినప్పట్నుంచీ."

మేనేజరు వెనక్కి వెళ్ళి హాలు వైపు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఆ ఒక్క పనికి అతనికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

"పూర్తిగానా?"

"పూర్తిగా."

"తిరిగొస్తుందా?"

"డాక్టరుకే తెలీదు సార్."

"ఎందుకు చెప్పారు మాస్టర్ నాకు?" అతని గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "తెలియకపోతే ఎలాగో గడిచేది. ఇప్పుడు తెలిశాక నేను... మీరే చెప్పండి, నేనేం చేయాలి?"

నేను కల్పించుకుని, "నేను రోజూ పొద్దున వచ్చి..." అన్నాను.

"నువ్వూరుకో బావా," అన్నాడు వాడు. "నీ దుకాణం ఎవరు చూస్తారు?"

రేపటి నుంచి స్టోర్స్‌లో కూర్చోబెట్టేలా పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు మేనేజరు. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు వచ్చేవీ పోయేవీ చూసుకునే పని. "నిలబడక్కర్లేదు," అన్నాడు, అది పెద్ద వరమైనట్టు. తర్వాత తలుపు దాకా వెళ్ళి, ఇటు తిరక్కుండానే, "ఈ పూట వంట..." అన్నాడు.

"చేస్తాను సార్."

చేశాడు. ఉల్లిపాయలు వేగాయి, కూర ఉడికింది, పెద్ద గరిటె అడుగు నుంచి పైకీ కిందికీ తిరిగింది. అప్పటికి అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. ఎవరూ వాడి వైపు చూడటం లేదు. అందరూ ఒకేసారి చూడకపోవడం కూడా తెలుస్తూనే ఉంటుంది.

వాడు గరిటెతో కాస్త రసం తీసి పిన్ని ముందు పెట్టాడు. "ఉప్పు చూడు."

ఆవిడ అరచేతిలో వేసుకుని నాకింది. "ఎక్కువే."

"బాగా ఎక్కువా?"

"రోజూ ఉన్నంత."

వాడి గరిటె ఆగింది. "రోజూనా? ఎప్పట్నుంచి?"

"నీకు జ్వరం తగ్గి పనిలోకొచ్చినప్పట్నుంచి. ఉప్పూ ఎక్కువే, కారమూ ఎక్కువే. నువ్వు అటు వెళ్ళినప్పుడల్లా ఉడికిన బంగాళాదుంపలు మెదిపి వేస్తూనే ఉన్నాను. లేకపోతే జనం నోట్లో పెట్టుకునేవాళ్ళా?"

తక్కినవాళ్ళు తలలు వంచుకుని పనులు చేసుకుంటున్నారు. అంటే ఈ సంగతి అందరికీ ముందే తెలుసు.

"మరి నాతో ఒక్క మాటయినా అనలేదేం పిన్నీ?"

"అంటే ఏం చేసేవాడివి?"

వాడు నా వైపు చూశాడు.

ఆవిడ వంగి బల్ల కింద నుంచి గిన్నె తీసింది. దుంపలు అప్పటికే ఉడికించి, పొట్టు తీసి ఉన్నాయి. ఎదుటే వేయాలా వద్దా అన్నట్టు ఆ గిన్నె పట్టుకుని నిలబడింది. మా బావమరిది గరిటె అంచుకు ఆనించి, పొయ్యి దగ్గర ఒక అడుగు పక్కకు జరిగి, ఆవిడకు చోటిచ్చాడు.