కొట్లాట చాటు ప్రార్థన

రియాద్‌లో మా నర్సుల హాస్టల్లో శుక్రవారం మధ్యాహ్నం టీవీ మోతకు గోడలు అదిరేవి. నేను అక్కడ వంట చేసేదాన్ని. తెలుగు నర్సులు హాలు తలుపుకు గడియ పెట్టుకుని ప్రార్థన చేసుకునేవారు. ఆ దేశంలో క్రైస్తవ ప్రార్థన బయటికి వినపడకూడదు. అందుకని టీవీ గట్టిగా పెట్టి, దాని చాటున మెల్లగా పాడుకునేవారు. వార్తలు పెడితే మధ్యలో చప్పుడు తగ్గేది. ఇనుప కంచెలో ఇద్దరు మగవాళ్ళు గుద్దుకుని, తన్నుకుని, కిందపడి గొంతులు పట్టుకునే కొట్లాటలు వచ్చే ఛానెల్ ఒక్కటే తెరిపి లేకుండా అరిచేది. అదే పెట్టేవారు.

చెవుల కోసం పెట్టింది కళ్ళకూ అలవాటైంది. ఏడాది తిరిగేసరికి, స్తోత్రాల నడుమ ఒక కన్ను తెరిచి "వాడి మోకాలు పోయిందే" అనుకునే దాకా వచ్చారు.

ఆ ఏడు డిసెంబరు సెలవు ఒక్కరికే అంది ఇంచార్జి సిస్టర్. ఎవరో మీలో మీరే తేల్చుకోమంది. అడిగింది ఇద్దరు. రెబెక్కా కొడుకుని పాలు మాన్పించి వచ్చింది. వాడిప్పుడు మాటలు నేర్చాడు. అమ్మమ్మను అమ్మా అంటాడు, రెబెక్కాను 'ఫోన్ ఆంటీ' అంటాడు. కెజియాకు తమ్ముడి పెళ్ళి. ఇద్దరూ ఒకరినొకరు "నువ్వే వెళ్ళు" అనుకున్నారు. ఇద్దరూ, ఆ మాట వినగానే బయలుదేరేట్టే ఉన్నారు.

చీట్లు వేద్దామంది కెజియా.

"ఛీ, యేసయ్య అంగీ కోసం సిపాయిలు వేసినవి చీట్లు. మనం వెయ్యకూడదు" అంది రెబెక్కా. ప్రార్థన నడిపించేది ఆమే కనుక ఆ మాటకు ఎదురు లేదు.

"అయితే ఈ శుక్రవారం కొట్లాట ఉందిగా అక్కా. చెరొకణ్ణి అనుకుందాం. ఎవరోడు గెలిస్తే వాళ్ళు ఊరెళ్ళాలి."

"గిదేంది బిడ్డా, పందెమా?" అన్నాను.

"పందెం కాదు సీతక్కా, ప్రార్థన" అంది రెబెక్కా. "ఎవరి మనవి దేవుడు వింటే వాళ్ళు వెళ్తారు. నువ్వు మా దేవుడి మనిషివి కాదు కాబట్టి నువ్వే సాక్షి."

శుక్రవారం రానే వచ్చింది. ఎర్ర నిక్కరువాడి వీపు నిండా సిలువ పచ్చబొట్టు ఉంది. రెబెక్కా వాణ్ణి కోరుకుంది. నల్ల నిక్కరువాడు కంచెలోకి రాగానే మోకాళ్ళ మీద పడి పైకి చూశాడు. కెజియా వాణ్ణి పట్టుకుంది.

"పచ్చబొట్టు ఎవరైనా పొడిపించుకుంటారు. మోకరించేది భక్తున్నోడే అక్కా."

"చూద్దాంలేవే, ఆ మోకాళ్ళు ఎంతసేపుంటాయో."

దేవుడికి కూడా ఎటు తిరగాలో తోచని పరిస్థితి.

రెండో రౌండులో ఎర్ర నిక్కరువాడు నల్ల నిక్కరువాణ్ణి పడేసి, వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. ఓడిపోయానని చేత్తో నేల తడితే వదిలేస్తారు. వాడు తట్టడం లేదు. మొహం వంకాయ రంగుకు తిరిగింది.

రెబెక్కా గెలిచేసినట్టే. కానీ ఎవరు బాధలో కనిపించినా పైకి ప్రార్థించేయడం ఆమెకు వార్డులో పడిన అలవాటు. కళ్ళు మూసుకుని, చేతులెత్తి, "ప్రభువా, ఆ బిడ్డకు ఊపిరియ్యి తండ్రీ! ఏ తల్లి కన్నబిడ్డో తండ్రీ!" అని ఎత్తుకుంది. హాలంతా కళ్ళు మూసి "ఆమెన్! ఊపిరియ్యి తండ్రీ!" అంది. అందరికన్నా గట్టిగా అన్నది కెజియా. ఆమెకు రెండు కారణాలున్నాయి.

టీవీ మోత వాళ్ళ మోతలో మునిగిపోయింది. తలుపు దబదబా బాదారు. సాక్షిని కనుక కళ్ళు తెరిచే ఉన్న నేను, టీవీ వైపు ఒకసారి చూసి గడియ తీశాను. వార్డెన్. ఈజిప్టు ఆవిడ. వచ్చీ రాగానే టీవీ కట్టేసింది.

"ఏమిటీ కేకలు? ప్రార్థనా?" అంది తనకొచ్చిన హిందీలో.

అవునంటే అందరి పాస్‌పోర్టుల మీదా ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారు. మళ్ళీ రావడం ఉండదు. రెబెక్కా ముందుకొచ్చింది.

"ప్రార్థన కాదు మేడమ్. పందెం."

"పందెమా? హరామ్! ఏం కాశారు?"

"డిసెంబరు సెలవు."

వార్డెన్ కాసేపు నమ్మలేకపోయింది. "ఆస్పత్రి సెలవు మీ నాన్న సొత్తా?" అని తిట్టి, ఇద్దరికీ ఆ సెలవు లేకుండా చేసింది. డబ్బు పెట్టలేదు కాబట్టి అంతటితో వదిలేస్తున్నానంది. ప్రార్థన మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం రెబెక్కా వంటింట్లోకి వచ్చింది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. తనూ ఒక కత్తి తీసుకుని పక్కన కూర్చుంది. కన్నీళ్ళకు అక్కడైతే ఎవరూ కారణం అడగరు.

"ఫోన్ ఆంటీ వచ్చే ఏడు వస్తుందని వాడికి చెప్పమన్నాను అక్కా, మా అమ్మతో."

నేను ఇంకో ఉల్లిపాయ ఆమె ముందుకు జరిపాను. అది తరుగుతూ అడిగింది.

"ఆ నల్ల నిక్కరువాడికి ఏం కాలేదు కదా?"

"ఏం గాలే బిడ్డా. లేచి నిలవడ్డడు."

"దేవుడు విన్నాడక్కా" అంది, ముక్కు తుడుచుకుంటూ.

లేచేముందు వాడు ఓడిపోయానని చేత్తో నేల తట్టాడు. గడియ తీసేముందు నేను చూసింది అదే. సాక్షినే గానీ, ఆ సంగతి ఆమె అడగలేదు.