బుడపేటకు ఇద్దరం

జూన్‌లో ఒక శనివారం హైదరాబాదు నుంచి మిర్యాలగూడకు తిరిగి వస్తుంటే నల్లగొండ బస్టాండులో బస్సు ఆగింది. నగేష్ దిగి రెండు చాయ్‌లు తెచ్చి, కిటికీలోంచి ఒకటి భార్య చేతికిచ్చాడు. గోపిక ఒళ్లో ఆస్పత్రి ఫైలు ఉంది. పిల్లల కోసం నాలుగేళ్లుగా తిరిగిన ఆస్పత్రుల్లో అది మూడోది. ఇంకోసారి ప్రయత్నిద్దామా అని ఆ ఉదయం డాక్టరమ్మ అడిగితే, ఇద్దరూ ఫైలు తీసుకుని బయటికి వచ్చేశారు.

‘‘ఇగ దవాఖానలు ఖతం’’ అన్నాడు నగేష్, కిటికీ కిందే నిలబడి. ‘‘నాలుగేండ్ల సంది ఏ సెలవొచ్చినా ఆడికే పోయినం. ఈసారి నువ్వు యాడికంటే ఆడికి పోదాం. చెప్పు.’’

అరకు అనో ఊటీ అనో అంటుందనుకున్నాడు.

‘‘బుడాపెస్ట్’’ అంది గోపిక.

అంత చప్పున ఎలా అనేసిందో ఆమెకే తెలియలేదు. మిర్యాలగూడలో మిషన్ స్కూల్లో ఆమె సోషల్ టీచరు. పన్నెండేళ్లుగా ఏటా ఒకసారి గోడకు యూరప్ పటం తగిలించి, కర్రతో డాన్యూబ్ నది వెంట నడిచేది. ఒక ఒడ్డున బుడా, అవతలి ఒడ్డున పెస్ట్, రెండూ కలిస్తే ఒక నగరం అని చెప్పేది. అక్కడికి వచ్చేసరికి కర్ర కాసేపు ఆగేది. పిల్లలకు చూపించడానికి ఒకసారి ఫోన్‌లో ఫొటో వెతికితే, మంచు పడుతున్న వంతెన ఒకటి కనబడింది. మంచు కురవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

‘‘అది ఏ దేశంల ఉంటది?’’ అన్నాడు నగేష్.

‘‘హంగరీలో. చలికాలంలో వెళ్లాలి. క్రిస్మస్ సెలవులకు ముందూ వెనకా నాలుగు రోజులు లీవు పెడితే సరిపోతుంది.’’

గోపికది ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ. పెళ్లయి పదకొండేళ్లయినా మాట అటువైపే మొగ్గుతుంది. నగేష్ చాయ్ తాగడం మరిచిపోయి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది. ‘‘సరే పోదాం’’ అని బస్సెక్కాడు.

ఇక ఆదివారాలన్నీ బుడాపెస్టువే అయిపోయాయి. కోదాడలో టికెట్ల బుకింగ్ ఆఫీసు నడిపే చిన్ననాటి స్నేహితురాలు వందనకు గోపిక రోజూ ఫోన్ చేసేది. ‘‘ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం అక్కడ దాదాపు అన్నీ మూసేస్తారే. ట్రాములు కూడా తొందరగా ఆపేస్తారు. ఆ రోజుకి తిండి ముందే కొని పెట్టుకోవాలి’’ అని వందన చెప్తే, గోపిక పాత డైరీలో ఎర్ర సిరాతో రాసుకుంది. వేడినీటి ఊటల స్నానాలు ఒక రోజు. కొండ మీది కోట ఒక రోజు. నది వెంట రెండో నంబరు ట్రాములో ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక పొద్దున. నగేష్ ఆ దేశపు మాటలో కృతజ్ఞతలు చెప్పడం నేర్చుకుని, కూర వడ్డించినప్పుడల్లా ‘‘కోసోనోమ్’’ అనేవాడు.

ఆగస్టులో నగేష్ సొంతూరు పాలకీడు వెళ్లి అత్తమామలకు చెప్పారు. అత్తగారు సరోజన దొడ్డి ముందు కూర్చుని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. మామ మల్లన్న గొంగడి దులుపుతూ విన్నాడు.

‘‘ఏ పేటకు బిడ్డా?’’ అంది సరోజన.

‘‘పేట కాదమ్మా, బుడాపెస్ట్’’ అన్నాడు నగేష్.

‘‘గదే, బుడపేట. ఆడ ఏముంటది?’’

గోపిక నది సంగతి చెప్పింది. అత్తగారు తల ఊపింది. ఆమె పుట్టింది వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట. చిన్నప్పుడు మూసీని ఈది అవతలి గట్టు మీద జామకాయలు కోసుకొచ్చేదని ఇంట్లో అందరికీ తెలుసు. ‘‘నదికి ఇటో ఊరు, అటో ఊరు. మా లెక్కనే’’ అని గొర్రెపిల్లను ఒళ్లోంచి దించి, ‘‘ఆడ గొర్లుంటయా?’’ అని అడిగింది.

గోపికకు తెలియదు. అక్కడే ఫోన్‌లో వెతికింది. ఒక ఫొటో చూసి తానే ఆశ్చర్యపోయి అత్తగారికి చూపించింది. జడల్లా వేలాడే బొచ్చు, నిటారుగా మెలితిరిగిన కొమ్ములు. పక్కన పాదాల దాకా గొర్రెబొచ్చు కోటు కప్పుకుని కర్ర పట్టుకున్న కాపరి.

సరోజన ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ‘‘ఏమయ్యా, ఇటు రా. గొర్రెకు జింక లెక్క ఇర్రి కొమ్ములు మొలిసినయ్ సూడు.’’

మల్లన్న వచ్చి చూసి, ‘‘గీయన గొంగడి మన గొంగడి కంటే మందం గుంది’’ అన్నాడు. ఆ ఫోన్ గంటసేపు గోపిక చేతికి తిరిగి రాలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో కథ అడ్డం తిరిగింది. నగేష్ వాడపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్ల మీద ఫోర్‌మన్. సున్నపురాయిని కాల్చే పెద్ద కొలిమిని ఏడాదికోసారి ఆపి మరమ్మతు చేస్తారు. ఏటా ఫిబ్రవరిలో చేసే ఆ పనిని ఈసారి డిసెంబరు మూడో వారానికి మార్చారు. పని జరిగే ఇరవై రోజులూ ఎవరికీ సెలవు లేదు.

నగేష్ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పాడు. గోపిక డైరీ మూసింది.

‘‘నువ్వు పోయి రా’’ అన్నాడతను.

‘‘ఒక్కదాన్నే పోయి ఏం చేస్తా? వచ్చే ఏడు చూద్దాం లెండి.’’

వచ్చే ఏడు అనే మాట ఆస్పత్రుల్లో ఇద్దరూ చాలాసార్లు విన్నారు. అందుకే అది అనగానే గోపిక డైరీ పక్కన పెట్టేసింది. లేచి వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున సరోజన ఫోన్ చేసింది. కొడుకు రాత్రే అంతా చెప్పినట్టున్నాడు.

‘‘గోపికా, వాడు రాకపోతే ఏంది? నేనొస్త.’’

గోపికకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ‘‘ఎక్కడికి అత్తమ్మా?’’

‘‘బుడపేటకు. ఏ, నేను రావద్దా?’’

పదకొండేళ్లలో ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా గొడవ పడలేదు, అలాగని మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు. పిల్లల ముచ్చట సరోజన ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎత్తకపోవడం కోపమో జాలో గోపికకు అంతుపట్టేది కాదు. ఇప్పుడు ఫోన్‌లో ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. గోపిక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ‘‘రావాలి. తప్పకుండా రావాలి’’ అంది.

ఆ మధ్యాహ్నమే వందనకు ఫోన్ చేసింది. ‘‘మీ అత్తగారా!’’ అని అవతల వందన కేక పెట్టింది. ‘‘ఆవిడకి పాస్‌పోర్టు ఉందా?’’

లేదు. ఓటరు కార్డులో సరోజమ్మ, ఆధార్‌లో సరోజన. అది సరిచేయించడానికి సూర్యాపేటకు రెండుసార్లు తిరిగారు. పుట్టిన తేదీ జనవరి ఒకటి అని ఎవరో రాసేశారు. ‘‘నేను పుట్టినప్పుడు వరికోతలట, మా అవ్వ చెప్పేది. రాసినోనికి ఎవరు చెప్పిండ్రు?’’ అని సరోజన దారంతా నవ్వింది. వేలిముద్ర వేయనని పట్టుబట్టి, కోడలి చేత తన పేరులోని నాలుగు అక్షరాలూ రాయించుకుని, గొర్లు మేస్తుంటే గట్టు మీద కూర్చుని నోటుబుక్కు నిండా దిద్దింది. నల్లగొండ పాస్‌పోర్టు ఆఫీసులో ‘సరోజన’ అని సంతకం పెట్టినప్పుడు, ‘న’ గీత దాటి బయటికి పోయింది. ఆమె మాత్రం ఆ కాగితాన్ని తలొంచి తృప్తిగా చూసుకుంది.

విచారణకు కానిస్టేబులు పాలకీడు వచ్చిన రోజున గోపిక అక్కడే ఉంది. బండి ఇంటి ముందు ఆగగానే మల్లన్న ఎదురెళ్లి, ‘‘ఎవరి చేన్ల పడ్డయ్ సారూ?’’ అన్నాడు భయంగా. గొర్లు ఎవరి పంటో మేశాయనుకున్నాడు.

‘‘గొర్ల కోసం కాదు పెద్దాయనా. మీ ఇంటామె విదేశాలకు పోతదట గదా.’’

‘‘పోతది సారూ!’’ మల్లన్న ఛాతీ విరుచుకున్నాడు. ‘‘కోడలూ అత్తా పోతున్నరు. మీకు ఎరికేనా, ఆడ గొర్లకు ఇర్రి కొమ్ములుంటయ్.’’

అక్టోబరు చివర పాస్‌పోర్టు వచ్చింది. నవంబరు రెండో వారంలో అత్తాకోడళ్లు హైదరాబాదులో వీసా సెంటరుకు వెళ్లారు. చల్లటి హాలు, వరస కుర్చీలు, చుట్టూ చదువుకు పోయే పిల్లలు. సరోజన ఎర్ర అంచు చీర కట్టి, కొప్పులో పూలు పెట్టింది. కౌంటర్లోని అమ్మాయి ఫైలు తిరగేసి, ‘‘ఎందుకు వెళ్తున్నారమ్మా?’’ అని తెలుగులోనే అడిగింది.

‘‘సూడనీకి’’ అంది సరోజన. ‘‘నది సూడనీకి, మంచు సూడనీకి, గొర్లను సూడనీకి. మా కోడలు అన్నీ రాసింది, గా కాయితంల ఉన్నది.’’

అమ్మాయి నవ్వి వేలిముద్రల మిషను చూపించింది. అక్కడొచ్చింది చిక్కు. నాలుగు వేళ్లు పెడితే ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ పెడితే మళ్లీ ఎర్రదే. నలభై ఏళ్లు తాళ్లు లాగి, బొచ్చు కత్తిరించి, గడ్డి కోసి, ఆ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషను షాపు మిషను కూడా నెలనెలా ఆమెను సతాయిస్తుంది. నల్లగొండలో ఎలాగో గట్టెక్కింది. ఇక్కడ నాలుగోసారి కూడా ఎర్ర దీపమే. వెనక వరసలోని వాళ్లు చూస్తున్నారు. సరోజన చేతులు కొంగులో దాచుకుంది.

‘‘నా చేతి ఏళ్లతోని నీ పని ఖరాబైతదేమో బిడ్డా. నువ్వు పో. నేను తిరుగు బస్సెక్కుత’’ అంది మెల్లగా.

‘‘ఇద్దరం వెళ్తాం, లేకపోతే ఇద్దరం ఇంటికి వెళ్తాం’’ అంది గోపిక. అత్తగారి చేతులు కొంగులోంచి తీసి తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దసాగింది. ఆ చేతులు ఐసులా ఉన్నాయి. ఇన్నేళ్లలో వాటిని పట్టుకోవడం అదే మొదటిసారి.

సరోజన కోడలి వైపు వంగి, ఆమెకు మాత్రమే వినబడేట్టు అంది: ‘‘నువ్వు దవాఖానకు పోయినప్పుడల్లా నేను గూడ రావాలనుకున్న. రమ్మని పిలుస్తవేమోనని సూసిన. నువ్వు పిల్వకపోతివి, నేను అడగకపోతి.’’

గోపిక చేతులు ఆగాయి. ‘‘మీకు నా మీద కోపమనుకున్నా అత్తమ్మా.’’

‘‘కోపమెందుకు? ఏం మాట్లాడాల్నో తెల్వక.’’

కౌంటర్ అమ్మాయి తడి టిష్యూ తెచ్చి ఇచ్చింది. ‘‘కంగారు పడకండి. రాని వేళ్లను రాలేదని రాస్తాం, దానికీ పద్ధతుంది. ఇంకోసారి గట్టిగా నొక్కండమ్మా.’’ గోపిక తన చేయి అత్తగారి చేయి మీద పెట్టి నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. ఎడమ చేతి రెండు వేళ్లు తప్ప మిగతావన్నీ వచ్చాయి. సరోజన ‘‘వచ్చె! వచ్చె!’’ అని చప్పట్లు కొట్టింది. హాల్లో పిల్లలు కూడా కొట్టారు.

పదమూడు రోజులకు కొరియర్ వచ్చింది. మిర్యాలగూడ ఇంట్లో నగేష్ కవరు చించి, రెండు పాస్‌పోర్టులూ తెరిచి, రెండింట్లోనూ వీసా చూసి గట్టిగా కేక పెట్టాడు. తాను పోవడం లేదన్న సంగతే గుర్తు లేనట్టు ఇల్లంతా తిరిగాడు. పాలకీడుకు వీడియో కాల్ చేస్తే, మల్లన్న ఫోన్‌ను గొర్ల వైపు తిప్పి పట్టుకుని మాట్లాడాడు.

తర్వాతి ఆదివారం అత్తాకోడళ్లు సూర్యాపేటలో దిగారు. చలికాలం రోడ్డు పక్కన స్వెటర్లు పరిచే నేపాలీ ఆమె దగ్గర సరోజన మూడు తొడిగి చూసి, మందమైనది ఎంచుకుంది. పొడుగాటి కోట్లు రెండు వందన కోదాడ నుంచి పంపింది. ఒళ్లంతా కప్పే ఈతబట్టలు గోపిక ఆన్‌లైన్‌లో తెప్పించింది. అవి చూడగానే సరోజన నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

‘‘గివి ఏసుకొని నీళ్లల్ల దిగాల్నా? పైన మంచు పడ్తుంటేనా?’’

‘‘నీళ్లు వేడిగా ఉంటాయి అత్తమ్మా. మీరు ఒడ్డున కూర్చున్నా పర్లేదు.’’

‘‘ఒడ్డున నువ్వు గూసో. నీకు ఈత రాదు గదా. నేను నేర్పిస్త.’’

డిసెంబరు ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం రెండింటికి మిర్యాలగూడ బస్టాండులో హైదరాబాదు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నగేష్ ఒక గంట అనుమతి తీసుకుని, యూనిఫారంలోనే వచ్చి పెట్టెలు ఎక్కించాడు. పచ్చడి సీసాలు కారకుండా మళ్లీ కట్టాడు. మల్లన్న కిటికీ దగ్గర నిలబడి, ‘‘బువ్వ నేనే వండుకుంట తియ్. గాడ కాపరి కనబడితే ఫొటో దిగు. గా కోటుకు ఎన్ని గొర్ల బొచ్చు పట్టిందో అడుగు’’ అన్నాడు.

‘‘ఏ భాషల అడగాలె?’’ అంది సరోజన.

‘‘గొర్లోల్లకు భాషేంది?’’

బస్సు కదిలింది. నగేష్ నవ్వుతూ పక్కనే కొంతదూరం పరుగెత్తి ఆగిపోయాడు. గోపిక అతను కనబడినంత వరకూ చేయి ఊపి, తర్వాత సీటులో వెనక్కి వాలింది. పక్కన సరోజన కిటికీ అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. విమానం ఎక్కడానికి ఇంకా చాలా గంటలున్నా కొత్త స్వెటరు అప్పుడే తొడిగేసింది.

‘‘గోపికా, మంచు పడేటప్పుడు వాన లెక్క సప్పుడైతదా?’’

‘‘తెలియదు అత్తమ్మా. నేనూ చూడలేదు గదా.’’

‘‘మంచిగయింది, ఇద్దరం కొత్తగ సూస్తం’’ అంది సరోజన, చెమట తుడుచుకుంటూ.