గుల్జార్‌బీ గొంతు

నబీ రసూల్ చచ్చిపోయిన పెండ్లాం పేరు మీద గ్రామఫోన్ ప్లేట్లు తెస్తున్నాడన్న కబురు ప్రొద్దుటూరు నుంచి పెన్న ఒడ్డు పల్లెకు చేరేసరికి మైమూన్ ఒళ్లు మండిపోయింది. పోయిన గుల్జార్‌బీ ఆమెకు తోడబుట్టిన అక్క. కాపురం చేసిన పన్నెండేళ్లూ ఆ అక్క మొగుడి వెనక కూచొని డోలక్ వాయించింది, వంత పాడింది, కచేరీ అయినాక అతని కాళ్లు పిసికింది. ఉరుసుల్లో, పెండ్లిళ్లలో, పీర్ల పండగల్లో పేరు మాత్రం నబీ రసూల్‌దే. ఇప్పుడు మూడు ప్లేట్లు, ఆరు పాటలు, అట్టపెట్టె మీద ఆమె పేరట. పెండ్లాం మీద ప్రేమ పుట్టడానికి కొందరు మగవాళ్లకు ఆమె చావు కావాల్సి వస్తుంది.

ఆ చావు ఎట్లా జరిగిందో మైమూన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ల కిందట, మండుటెండల్లో, గుల్జార్‌బీకి రెండో కాన్పు అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసి, ఏరు దాటించి జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. ఊళ్లో బండ్లన్నీ సంతకు పోయాయి, ఇంటి బండి ఒక్కటే మిగిలింది. కానీ ఆ రోజు పులివెందులలో నబీ రసూల్ కచేరీ. “తొలి కాన్పు మాదిరే అయితాదిలే, గమ్మునుండండి” అని చెప్పి, హార్మోనియం, డోలక్ బండికెక్కించుకొని, ఏటికి వీపు తిప్పి ముద్దనూరు బస్సుకు తోలుకుపోయాడు.

మైమూన్ అక్కను వీపున వేసుకొని పెన్న ఇసకలోకి దిగింది. అవతలి గట్టు కనిపిస్తుండగానే మెడ చుట్టూ ఉన్న చేతులు జారిపోయాయి. ఎందుకు జారాయో ఆమెకు తెలుసు. అయినా ఆస్పత్రి గడప దాకా మోసింది.

అప్పటికి మూడేళ్లున్న బిడ్డ నూరున్నీసాను నబీ రసూల్ ప్రొద్దుటూరికి తీసుకుపోయి, బ్యాండుమేళం అల్లాబక్ష్ ఇంట్లో పడేశాడు. మైమూన్‌కు మొగుడు లేడు, పిల్లల్లేరు. ఆ పిల్లను నాకిమ్మని ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడిందో లెక్కలేదు. తండ్రి బిడ్డ తండ్రి దగ్గరే ఉండాలని పెద్దమనుషులు తేల్చేశారు. పెద్దమనుషులకు అంతకు మించి చేతనైతే కదా.

అట్లాంటి నబీ రసూల్ ఒకరోజు తానే పల్లెకు వచ్చి అరుగు మీద కూచున్నాడు.

“మైమూనూ, మద్రాసు కంపెనీ వోళ్లు ఆడగొంతు కావాలంటాండారు. మీ అక్క గొంతూ నీ గొంతూ ఒకటే గదా. నువ్వొచ్చి పాడల్ల.”

“నీ పాట సంగతి విన్న్యాలే బావా. పాటలో అక్కను తొడ మింద పండబెట్టుకొని ఏట్లో బండి తోల్తివంట గదా. సిగ్గు ల్యా నీకు?”

“పాటన్న్యాక అట్లనే రాస్తారు. ఇంటే జనం ఏడ్సల్ల.” కాసేపు గడ్డం గోక్కున్నాడు. “నువ్వొస్తే పాపను నీకిచ్చేస్తా. అల్లా మీద ఒట్టు.”

మైమూన్ మరుసటి రోజే ఎర్రగుంట్లలో రైలెక్కింది.

మద్రాసులో డోలక్ లేదు, హార్మోనియం లేదు. అల్లాబక్ష్ ట్రంపెట్, ఇంగ్లీషు డ్రమ్ములు, ఒక తెల్లచొక్కాయన కరెంటు గిటారు. అమెరికావాళ్లు ఈ దరువుకే ఊగిపోతున్నారట. చావు పాటకు కాళ్లు తమంతట తామే ఆడాయి. మైక్ ముందు నిలబడి, అక్క మాటలుగా మైమూన్ పాడింది:

*ఇసకన చక్రాలు దిగినా మామా*
*నీ చెయ్యి నన్ను ఇడవలేదు మామా*

నోట్లోంచి ఆ మాట ఊడిపడుతుంటే అసహ్యంతో ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కంపెనీ ఆయన అద్దం వెనకనుంచి చేయి ఊపాడు. ఏడుపు బాగా కుదిరిందట, అట్లాగే ఉంచమన్నాడు.

ప్రొద్దుటూరులో సినిమా టాకీసు ముందర మైకుసెట్టు పెట్టి ప్లేటు వేసిన రోజు జనం విరగబడ్డారు. కుర్రకారు గంతులేశారు, ఆడవాళ్లు కొంగులు తడుపుకున్నారు. నబీ రసూల్ బిడ్డను ఒళ్లో పెట్టుకొని తల వంచుకు కూచున్నాడు. అతని అక్క సకీనా ముక్కు చీది, అందరూ వినేటట్టు మైమూన్‌ను అడిగింది.

“మా తమ్ముడొక్కడే మీ అక్కను ఏరు దాటిస్తాంటే నువ్వు యాడ సచ్చింటివమ్మే?”

నబీ రసూల్ తలెత్తి మైమూన్ వైపు చూశాడు. బిడ్డ చుట్టూ ఉన్న చేతులు కొంచెం బిగిశాయి. పిల్ల ఇంకా చేతికి రాలేదు.

“ఇంట్లో ఉంటి” అంది మైమూన్.

మాట ప్రకారం వారానికల్లా బిడ్డను పంపించాడు. పులివెందుల నుంచి వచ్చే కొత్త పెండ్లాం సవతి పిల్లను సాకనందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఊరు మాత్రం ఆడిన మాట తప్పని మనిషని మెచ్చుకుంది.

నూరున్నీసా మూడు రోజులు అన్నం ముట్టలేదు. అల్లాబక్ష్ ఇంట్లో దినామూ గ్రామఫోనుకు చెవి ఆనించి పడుకునేదట. అందులో ఉన్నది మీ అమ్మేనని అందరూ చెప్పారు.

“అమ్మ పెట్టె యాడ పిన్నమ్మా? తెచ్చుకోల్యా?”

నాలుగో రోజు మైమూన్ ఉగ్గబట్టుకోలేకపోయింది. పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

“ఆ పాటంతా అబద్దం పాపా. మీ నాయన ల్యాడు, బండీ ల్యా. మీ అమ్మను మోసింది నేను, ఈ వీపు మింద.”

“నాయన చెయ్యి ఇడవలేదని అమ్మే చెప్తాంది గదా. మా అమ్మ అబద్దాలు చెప్తాదా?”

“ఆ గొంతు మీ అమ్మది కాదమ్మా. నాది. పాడింది నేనే. కావాలంటే ఇను.”

గొంతు సవరించుకొని, మద్రాసులో పాడినట్టే, ఒక్క స్వరం తప్పకుండా మొదటి చరణం అందుకుంది. పిల్ల ముఖం వికసించింది. గుమ్మం వైపు చూసింది, గూట్లోకి చూసింది, చివరికి మైమూన్ పెదాలు కదలడం చూసింది. లేచి నిలబడి, రెండు చేతులతో ఆ నోటి మీద కొట్టింది.

“మా అమ్మను ఎక్కిరిచ్చొద్దు!”