బుట్టలో గొంతు

సోమశిల డ్యాం గేట్లన్నీ ఎత్తేస్తే పెన్న పొంగి ఒడ్డు ఊళ్ళను ముంచేసిందే, ఆ వరద వచ్చిన మరుసటేడు జరిగిందిది. వరద ఏడు రెబెకమ్మ మాట పోయింది. మరుసటేడు మిగిలింది కూడా పోయింది.

ఉదయగిరి కొండ కింద, చర్చి వెనక వీధిలో ప్రేమానందం ఇల్లు. చెక్క గరిటెలు చెక్కడం ఆయన పని. వసారాలో ఉలి పట్టుకొని కూర్చుంటే ఎండ నెత్తి మీదకు వచ్చిందాకా లేవడు. పెచ్చులు నేల మీద రాలతాయి. పూర్తయిన గరిటె పక్కనున్న వెదురు బుట్టలో పడుతుంది. ఆ ఇంట్లో నేల మీద పడింది చెత్త, బుట్టలో పడింది సొమ్ము. వచ్చేపోయేవాళ్ళెవరూ ఆ బుట్టలో చెయ్యి పెట్టరు.

ఆయన మాట్లాడేది తక్కువ. ఆయన వాటా కూడా కలిపి భార్య రెబెకమ్మే మాట్లాడేది. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు ఆ గొంతు పట్టుకొనే పైకెక్కేవాళ్ళు. ఆ గొంతులో గడ్డ లేచింది. కోసి తియ్యాలని, తీస్తే ఇక మాట రాదని డాక్టర్లు చెప్పేశారు. కూతురు కృపారాణి కలువాయిలో టీచరు. ఆపరేషనుకు ముందర వచ్చి, తాను చదువుకునే రోజుల్లో కొన్న కంప్యూటరుకు మైకు తగిలించి, అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, వచ్చిన పాటలన్నీ పాడించి దాంట్లో పట్టింది.

ఒక పాట మొదట్లో వసారా నుంచి ఉలి చప్పుడు కూడా పడింది. టక్, టక్, టక్. దాని మీద రెబెకమ్మ అరుపు. "ఏందయ్యా నీ టకటక! మిషన్లో పడాల్సింది నా పాట, నీ ఉలి గాదు. రవ్వంతసేపు చేతులు కట్టుకోని కూర్చుంటే కొంపేమన్నా మునిగిపోతాదా?" వెనకే కూతురి నవ్వు. ఆ తర్వాత పాట.

ఆపరేషనయ్యాక రెబెకమ్మకు మిగిలింది ఆ పాటలూ, ఒక చెక్క గరిటె. గరిటెతో మంచం కోడు మీద ఒకసారి కొడితే ఇటు రమ్మని. రెండుసార్లు కొడితే కంప్యూటరు పెట్టమని. పొద్దు వాలితే చాలు, రెండు దెబ్బలు వినపడేవి. తన గొంతు తానే వింటూ, కళ్ళు మూసుకొని పెదాలు ఆడించేది. తిట్టు వచ్చే చోట మాత్రం కళ్ళు తెరిచి మొగుడి వైపు చూసేది. ఆయన తల వంచుకునేవాడు. ఆ ఇంటి కాపురమంతా ఆ ఒక్క చూపు మీద నడుస్తోంది.

కంప్యూటరేమో రానురాను మూలగసాగింది. చెక్క పొడి ఫ్యానులోకి దూరి పిండిమర లాగా రొద. మీట నొక్కి, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినా తెర వెలిగేది కాదు. కరెంటు పోయి వస్తే మళ్ళీ మొదటికి. మధ్యలో ఏదో ఇంగ్లీషు రాత అడ్డం పడేది. మూడో తరగతితో బడి మానేసిన మనిషికి అది రమ్మంటుందో పొమ్మంటుందో ఏం తెలుస్తుంది? చేతికందిన చోట నొక్కేవాడు. చివరికి పాటలకు నత్తి పట్టుకుంది. ఒకే అక్షరం మీద గొంతు కొట్టుకుంటూ ఆగిపోతే, రెబెకమ్మ తన మెడ పట్టుకునేది, మళ్ళీ కోస్తున్నట్టు.

"రిపేరుకు ఆత్మకూరు తీసకపోతా," అన్నాడు ఒక పొద్దున.

రెబెకమ్మ గొంతు మీద చెయ్యి పెట్టి చూపించింది. తర్వాత కొంగు చివర ముడేసి చూపించింది. నా పాటలు భద్రం అని.

ఆయన ఆలోచించాడు. తెర నిండా కూతురి పాత సామాను, ఏవేవో బొమ్మలు. ఆ గుంపులో పాటలున్న పసుపు సంచి బొమ్మ ఒకటి. రిపేరువాడి చెయ్యి దేనికి తగులుతుందో ఏమో. వెతగ్గా వెతగ్గా తెర మూలన బుట్ట బొమ్మ కనపడింది. మౌసుతో బొమ్మల్ని ఈడ్చడం కృపారాణి నేర్పించే పోయింది. పసుపు సంచిని పట్టి, జారిపోకుండా మెల్లగా ఈడ్చుకొచ్చి, బుట్టలో వేశాడు. బుట్ట దాన్ని లోపలికి తీసుకుంది. మిషను మారుమాట అనలేదు. ఆయన మనసు కుదుటపడింది.

ఆత్మకూరు బస్టాండు ఎదురు సందులో సందీప్ అనే కుర్రవాడి రిపేరు షాపు. పెట్టె విప్పగానే దోసెడు చెక్క పొడి రాలింది.

"ఏంది తాతా, ఇది కంప్యూటరా, రంపం మిషనా? దీంతో వారం దినాలు పొయ్యి రాజేసుకోవచ్చే!"

ప్రేమానందం నవ్వలేదు. సందీప్ బ్రష్షుతో పొడి దులిపి, తీగలు తగిలించి తెర చూశాడు.

"లోపలగూడా అంతే. గాలాడే సందు లేదు. చెత్తంతా తీసేసి మళ్ళీ కొత్తగా ఎక్కిచ్చేదా?"

ప్రేమానందం బల్ల కింద రాలిన పొడి వైపు చూశాడు. "చెత్త తీసెయ్," అన్నాడు.

"మళ్ళీ అడగతా ఉండా. పనికొచ్చేవి ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. తర్వాత నన్నంటే లాభం లేదు."

బుట్టలో పెట్టినానబ్బయా అంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. బుట్టలో ఉన్నదాన్ని ఎవరు మాత్రం పారేస్తారు, దానికీ ఒక మాట ఎందుకు అనుకున్నాడు.

"అవి ఉండాల్సిన చోట ఉండాయి," అన్నాడు.

"అట్టయితే పొయ్యి టీ తాగిరా పో."

టీ తాగి, బస్టాండు అరుగు మీద కూర్చొని, ఎండ తిరిగాక వచ్చాడు. ఫ్యాను రొద లేదు. మీట నొక్కితే తెర టక్కున వెలిగింది.

"ఎట్టుండాది తాతా? ముసలి గుర్రానికి లాడాలు కొట్టినట్టు లేదా?"

"బుట్ట తెరువబ్బయా."

"ఏ బుట్ట?"

ఆయన తెర మీద వేలు పెట్టి చూపించాడు. సందీప్ తెరిచాడు. లోపల తెల్లగా ఉంది.

"దాంట్లో ఏముంటాది తాతా, మొత్తం ఊడ్చేసినాను గదా? తీసెయ్ అని నువ్వే గదా అన్నింది!"

"నేనన్నింది చెత్తను."

"చెత్త ఉండేది దాంట్లోనే తాతా! అది చెత్తబుట్ట!"

ప్రేమానందం బల్ల అంచు పట్టుకున్నాడు. "దాంట్లో మా ఆడమనిషి గొంతుండాది," అన్నాడు.

సందీప్ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఏం గొంతు, ఏమైంది అని ఒక్కొక్క ముక్కే అడిగి రాబట్టాడు. ఇంకెక్కడన్నా కాపీ ఉందేమోనని కృపారాణికి ఫోను కలిపి, సంగతి చెప్పి, ఆయన చేతికిచ్చాడు.

"లేదు నాయనా," అంది కూతురు. "ఈసారి వచ్చినప్పుడు పెన్‌డ్రైవులో ఎక్కిచ్చుకుందామనుకుంటా ఉండా." తర్వాత ఏడుపు వినపడింది. ఆయన ఫోను తిరిగిచ్చేశాడు.

సందీప్ ఏవో పెట్టి గాలించాడు. వచ్చిన గిరాకీని రేపు రమ్మని పంపించేశాడు. చాలాసేపటికి తల అడ్డంగా ఊపాడు. "దాని మీదనే కొత్తది పోసేసినాను తాతా. వరదకి చేలో ఇసక మేటేస్తాది చూడు, అట్ట. కింద పైరుండిందని తెలస్తాది గానీ పీకేదానికి రాదు."

"చెత్తకు బుట్ట బొమ్మ పెట్టిన మొనగాడెవుడు?"

"ఎవుడో తాతా. మనల్ని అడిగి చేస్తారా ఏంది?"

"అడిగుంటే చెప్పేవాణ్ణి. చెత్తకు చీపిరి బొమ్మ పెట్టమనేవాణ్ణి. దూడను తోలకపోతా ఉంటే బర్రె గూడా అరస్తాది. మనిషి గొంతు పారేస్తా ఉంటే ఇది ఒక్క మాటన్నా అరవకూడదా?"

"అరిచింది తాతా. నిజంగానే తీసేసేదా, మళ్ళీ రాదు అని అడిగింది. నేనే అవునని నొక్కినా."

"ఏ మాటల్లో అడిగింది?"

"ఇంగ్లీషులో."

"తెలుగులో అడిగుంటే? ఫలానా రెబెకమ్మ పాటలు పోతాయి, సరేనా అని, పేరు పెట్టి అడిగుంటే?"

సందీప్ మళ్ళీ తెర మీదకు వంగి గాలించసాగాడు. ఆ ఏడాదంతా కలిపి ప్రేమానందం అన్ని మాటలు మాట్లాడి ఉండడు. అవన్నీ పొద్దున మాట్లాడాల్సినవి.

"ఒక ముక్క దొరికింది తాతా," అన్నాడు సందీప్ ఉన్నట్టుండి. "రవ్వంతే. విను."

టక్, టక్, టక్. అంతటితో ఆగిపోయింది.

"ఇదేం చప్పుడు?"

"నా ఉలి," అన్నాడు ప్రేమానందం.

బస్సులో పెట్టెను ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. పక్కనున్న ఆమె, "కింద పెట్టుకో పెద్దాయనా, కాళ్ళు తిమ్మిరెక్కతాయి," అంది. పెట్టలేదు. ఆత్మకూరులో అనని ఒక్క మాట ఉదయగిరిలో ఎట్లా అనాలా అని దారంతా వెతుక్కుంటూనే ఉన్నాడు. దొరక్కముందే ఊరొచ్చింది.

రెబెకమ్మ మంచంలో లేచి కూర్చొని ఉంది. ఆయన తీగలు తగిలించిందాకా ఓర్చుకుంది. తర్వాత గరిటెతో రెండుసార్లు కొట్టింది.

ఆయన దొరికిన ముక్క పెట్టాడు.

టక్, టక్, టక్.

రెబెకమ్మ కళ్ళు తెరిచింది. తిట్టు వచ్చే చోటు అదే. మొగుడి వైపు చూస్తూ పెదాలు కదిలించింది, ఏందయ్యా అని. ఆ పెదాల వెనక గొంతు రాలేదు. ఆమె కంప్యూటరు వైపు చూసింది. మళ్ళీ రెండుసార్లు కొట్టింది. ఆయన మళ్ళీ పెట్టాడు. ఉలి మూడు దెబ్బలు కొట్టి ఆగిపోయింది.

"పోయినాయి," అన్నాడు ప్రేమానందం. "అన్నీ పోయినాయి. నేనే బుట్టలో ఏసినా. భద్రంగా ఉంటాయని. అది చెత్తబుట్టంట."

రెబెకమ్మ గుమ్మంలో నుంచి వసారా వైపు చూసింది. వెదురు బుట్ట నిండా పూర్తయిన గరిటెలు, చుట్టూ నేల మీద పెచ్చులు. ఎట్లా జరిగిందో ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ పెచ్చులు ఊడ్చింది ఆమే. మంచం కోడు మీద కొట్టలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. లేచి, గోడ పట్టుకొని పొయ్యి దగ్గరికి నడిచింది. చేతిలో ఉన్న గరిటెను మంటలో పెట్టింది. అది అంటుకున్నదాకా నిలబడి చూసి, వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆయన అన్నం పెట్టుకొచ్చాడు. ఇటు తిరగలేదు. మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. ఇక ఎప్పుడన్నా పిలుస్తుందా అనిపించింది. పిలవడానికి ఏముంది ఆమె దగ్గర?

మరునాడు తెల్లారకముందే వసారాలో కూర్చున్నాడు. బయటూరి ఆర్డరు చెక్కల్ని పక్కకు నెట్టి, అడుగున దాచుకున్న నర్ది మాను చెక్క తీశాడు. పిడి ఆమె పిడికిలికి తగ్గట్టు, చివర గట్టిగా పలికేట్టు ఒక గరిటె చెక్కాడు. పూర్తయ్యాక చెయ్యి అలవాటు కొద్దీ బుట్ట వైపు పోయింది. వెనక్కి తీసుకున్నాడు. లోపలికి పోయి, గోడ వైపు తిరిగి ఉన్న రెబెకమ్మ చేతి పక్కన గరిటెను పెట్టాడు. తిరిగొచ్చి వసారాలో కూర్చున్నాడు. ఉలి ముట్టుకోలేదు. చేతులు కట్టుకొని, లోపలికి చెవి పెట్టుకొని కూర్చున్నాడు.