ఎర్తు బోల్టుకు రెండు పూతలు

బోడెన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ క్యాంపు మైదానంలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా విశ్రాంతి వేళ, చప్పుడు చేయకూడదు. సుత్తి దెబ్బ వినపడకూడదు, ఇంజను వేయకూడదు, గేటు దగ్గర అడ్డకర్ర లేవదు. చచ్చిపోదలచుకున్నవాళ్ళు కూడా మూడయ్యేదాకా ఆగుతారనిపించేంత నిష్ఠ. సరిగ్గా ఆ వేళ మొదలవబోతుండగా, ఇర్మెలా భోజనం గిన్నెలు కడుగుతుంటే, వంటా పడకా ఉన్న ఆమె ఇంటిబండిలో కరెంటు పోయింది. దీపాలు, ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు అన్నీ ఒక్కసారే మూగబోయాయి.

ఇర్మెలా మొదట చేసిన పని కూతురికి ఫోను చేయడం. చేయక తప్పదు. నలభై ఏళ్ళు బేకరీలో నిలబడి, రిటైరయ్యాక ఆ ముప్పై ఏళ్ళ నాటి బండిని కొనుక్కుని, "పోర్చుగల్ దాకా పోయి సముద్రం చూస్తాను" అన్నప్పుడు డొరొతీ ఒంటికాలి మీద లేచింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. దారిలో బండి ఒక్కసారి మొరాయించినా కూతురు వచ్చి లాక్కుపోతుంది, అమ్మేస్తారు. మాట తప్పడం ఇర్మెలా ఇంటావంటా లేదు. సముద్రం మాట దేవుడెరుగు, తన ఊరి నుంచి ముప్పావు గంట దూరం కూడా దాటలేదే అని ఆమెకు ఏడుపొచ్చింది.

"వస్తున్నానమ్మా, నువ్వేమీ ముట్టుకోకు," అంది డొరొతీ.

ముట్టుకోవద్దన్నాక ముట్టుకోకుండా ఎలా ఉంటుంది? ఫ్యూజులన్నీ తీసి చూసింది. ఒక్కటీ కాలిపోలేదు. ఇంతలో పక్క బండి గెబ్‌హార్ట్ చేతిలో కరెంటు కొలిచే మీటరు పట్టుకుని, మేజోళ్ళతోనే గడ్డి మీద పిల్లిలా వచ్చాడు.

"ఇంజను వేస్తే సంగతి తేలిపోతుందండీ," అన్నాడు గుసగుసగా.

"ఇప్పుడా? వెళ్ళగొడతారు మనల్ని."

"అదీ నిజమే. మూడింటి దాకా ఆగుదామా?"

"మా అమ్మాయి రెండింటికే వచ్చేస్తుంది. మీకు కరెంటు పని తెలుసా, గెబ్‌హార్ట్ గారూ?"

"నాకు ట్రాము తోలడం తెలుసు. అది ఆగితే ఫోను చేసేవాణ్ణి, ఇంకెవరో వచ్చేవాళ్ళు. ఈ మీటరు కొని ఆరేళ్ళయింది, ఇవాళే డబ్బా విప్పాను."

ఇద్దరూ సీటు ఎత్తి, బ్యాటరీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. మీటరు ఎర్ర పుల్ల బ్యాటరీ ఒక కొసకి, నల్ల పుల్ల ఇంకో కొసకి పెడితే పన్నెండున్నర ఓల్టులు చూపించింది. బ్యాటరీ రాయిలా ఉంది. మరి దీపాలకేం రోగం? గెబ్‌హార్ట్ తల గోక్కోబోయాడు, నల్ల పుల్ల జారి పక్కనున్న బండి రేకుకి తగిలింది. మీటరు సున్నాకి పడిపోయింది.

"ఇదీ చచ్చింది," అన్నాడు దిగులుగా.

"ఉండండి. మళ్ళీ అక్కడే పెట్టండి."

బ్యాటరీ మీద పెడితే పన్నెండున్నర. రేకు మీద పెడితే సున్నా. ఇర్మెలా బుర్ర చకచకా పనిచేసింది. ఎర్ర తీగలో పోయిన కరెంటు దీపం వెలిగించి, బండి ఒంటి మీదుగా నల్ల తీగలోకి తిరిగి రావాలి. రావడం లేదు. అంటే నల్ల తీగ బండికి కలిసే చోటే తెగింది.

చేత్తో నల్ల తీగని తడుముకుంటూ పోయింది. అది బండి ఒంటికి కలిసే ఎర్తు బోల్టు దగ్గర ఆగింది. ఆ బోల్టు కింద రేకు బూడిదరంగులో నిగనిగలాడుతోంది.

ఆ రంగు ఎవరు వేశారో ఆమెకు బాగా తెలుసు. ఏప్రిల్‌లో ఆ బోల్టు విప్పి, చుట్టూ ఉన్న తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది, తుప్పు పట్టని రంగు రెండు పూతలు పూసి, ఆరాక తీగను దాని మీదే బిగించింది. రెండో పూత అవసరం లేకపోయినా, పని సగంలో వదలడం చేతకాక వేసింది. రంగు కరెంటును పోనివ్వదు. ఇన్నాళ్ళూ బోల్టు మరల్లో ఏదో కాస్త తగులుతూ నెట్టుకొచ్చింది, రోడ్డు కుదుపులకి అదీ పోయింది.

"శుభ్రం ఎక్కువైంది," అంది. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వకూడని వేళ కాబట్టి ఇంకా ఎక్కువొచ్చింది. గెబ్‌హార్ట్ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

పానాతో బోల్టు విప్పి, కేకు కోసే చాకుతో ఆ రంగును గీకింది. తన చేత్తో అంత అందంగా పూసినదాన్ని గీకుతుంటే ప్రాణం ఉసూరుమంది, అయినా తెల్లటి ఇనుము కనపడేదాకా వదల్లేదు. తీగ పెట్టి బిగించింది.

దీపాలన్నీ వెలిగాయి. దాంతోపాటు, తెరిచి వదిలేసిన కుళాయి మోటారు గుర్రుమంటూ అందుకుంది, నీళ్ళు గిన్నెల మీద ధనధనా పడ్డాయి. చుట్టుపక్కల పడక కుర్చీల్లోంచి తలలు లేచాయి. ఇర్మెలా కుళాయి కట్టేయడానికి పరుగెత్తలేదు. చేతులు నడుం మీద పెట్టుకుని ఆ చప్పుడు విన్నది. అంత సంతోషం ఆమెకు ఈ మధ్య కలగలేదు.

అడ్డకర్ర బయటే కారు వదిలి, లాగే తాడు భుజాన వేసుకుని డొరొతీ నడిచి వచ్చేసరికి, తల్లి ముంజేతుల దాకా మసితో, కాఫీ కలుపుతోంది.

"ఆగిపోతే అమ్మేస్తానన్నావు," అంది డొరొతీ.

"అన్నాను. ఆగిపోయింది." ఇర్మెలా బండి తాళం బల్ల మీద పెట్టింది. "మాట మాటే. ముందు కాఫీ తాగు."

డొరొతీ వెలుగుతున్న దీపాన్నీ, తల్లి ముఖాన్నీ చూసింది. "ఎవరు బాగుచేశారు?"

"పాడుచేసిందీ నేనే, బాగుచేసిందీ నేనే."

"మీటరు నాదండీ," అన్నాడు గెబ్‌హార్ట్ వాకిట్లోంచి.

"మళ్ళీ ఆగిపోతే ఏం చేస్తావమ్మా?"

"నల్ల పుల్ల బండి ఒంటికి ఆనిస్తాను. సున్నా వస్తే ఎర్తు తెగినట్టు. రాకపోతే ముందుకి వెతుకుతాను."

డొరొతీ కాఫీ ఊదుకుని తాగేసింది. తర్వాత లేచి, భుజాన ఉన్న తాడును తీసి, చక్కగా చుట్టి, తల్లి సీటు కింద సర్దింది.

"ఇది దగ్గరుంచుకో," అంది. "పోర్చుగల్ దాకా నేను రాలేను."