అయ్యోరి కూతురి పెట్టె

పొదిలి బస్టాండు వెనక సందులో, మస్తాను సుత్తి దెబ్బలు తిని పుట్టిన రేకుపెట్టెను నేను. నాతోపాటు ఆ వారం తయారైనవన్నీ పెళ్ళిపెట్టెలు. వాటి మూతల మీద చిలకలూ గులాబీలూ వేశాడు మస్తాను. నా దగ్గరికొచ్చేసరికి, "చదువుకునే పిల్లోడికంట, దీనికి పూలెందుకు?" అని ముదురాకుపచ్చ రంగు ఒక్క చుట్టు కొట్టి ఎండలో పడేశాడు. చదువుకీ అందానికీ పడదని మనుషులు ఎప్పుడు తీర్మానించుకున్నారో నాకు తెలియదు.

ఆ చదువుకునే పిల్లవాడు మాల్యాద్రి. పంతులు ట్రైనింగుకి పోతూ నన్ను కొనుక్కున్నాడు. పుట్టింది కూలోళ్ళ ఇంట్లో. చదివిందంతా సర్కారు బళ్ళోనే. ట్రైనింగు హాస్టల్లో నా మీద కూర్చుని స్నేహితులకు ఒకటే మాట చెప్పేవాడు. "ఆ బడే లేకపోతే నేనివాళ పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర పొయ్యిలోకి కట్టెలు ఎగేస్తా ఉండేవాణ్ణిరా." నటన కాదు అది. అందుకే తర్వాత జరిగింది నాకు మింగుడు పడలేదు.

అతనికి గురవాయిపాలెం ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. రెండు గదులు, ఒక వరండా, నలభై ఇద్దరు పిల్లలు, ఒక్కడే పంతులు. చాలామంది పంతుళ్ళలా టౌనులో కాపురం పెట్టి బస్సులో వచ్చిపోలేదు మాల్యాద్రి. ఊళ్ళోనే ఇల్లు తీసుకున్నాడు. వెంగమాంబను పెళ్ళి చేసుకున్నాడు. కూతురు పుడితే హిమబిందు అని పేరు పెట్టుకుని, అయిదేళ్ళు రాగానే తన బళ్ళోనే పలకా బలపం ఇచ్చి కూర్చోబెట్టాడు. ఊళ్ళో వాళ్ళకు అది పెద్ద ధీమా. అయ్యోరి బిడ్డ చదివే బడి అంటే మాటలా! నేను అటక మీద దుప్పట్లు మోస్తూ ఆ రోజులు సుఖంగా గడిపాను.

బిందు మూడో తరగతి ముగించిన వేసవిలో ఒంగోల్లో మాల్యాద్రి తోడల్లుడి గృహప్రవేశం జరిగింది. అక్కడ తోడల్లుడి కొడుకు, బిందు ఈడువాడు, మైకు పట్టుకుని ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడట. తర్వాత మైకు బిందు చేతికిచ్చారట. ఆ పిల్ల తడుముకోకుండా ఒక తెలుగు పద్యం చదివి దణ్ణం పెట్టిందట. అందరూ నవ్వారట. "అన్నయ్యా, ఊళ్ళో పిల్లల్తోపాటు సొంత బిడ్డనీ అక్కడే ముంచుతున్నావా?" అన్నాడట తోడల్లుడు. ఇంటికొచ్చాక వెంగమాంబ ఇదంతా నవ్వుతూ పక్కింటావిడకు చెప్పింది. మాల్యాద్రి మాత్రం నవ్వలేదు. వారం తిరక్కుండా గుంటూరు అవతల ఎక్కడో నాలుగంతస్తుల రెసిడెన్షియల్ స్కూల్లో బిందుకు సీటు మాట్లాడి వచ్చాడు.

"పాపకింకా జడేసుకోవడం రాదు," అంది వెంగమాంబ.

"నేర్చుకుంటుంది. అక్కడ నాలుగు నుంచే ఫౌండేషన్ వేస్తారు."

"మీరు చెప్పే చదువు మన బిడ్డకే పనికిరాకపోతే, ఊళ్ళో బిడ్డలకెట్టా పనికొస్తదండీ?"

"వాళ్ళకు వేరే దారి లేదు. మనకుంది," అన్నాడు మాల్యాద్రి గోడ వంక చూస్తూ.

మరునాడు నన్ను అటక మీంచి దించి, కడిగి, వరండాలో పెట్టాడు. మూత మీద తన పేరు చెరిపేసి, తెల్లరంగుతో కూతురి పేరు రాస్తుండగా మార్తమ్మ వచ్చింది. మంచి ఆకూ చెడ్డ ఆకూ ఏరే పొగాకు గ్రేడింగు కూలికి పోయే మనిషి. మొగుడు లేడు. కొంగు పట్టుకుని ఆరేళ్ళ సలోమి వెనకాలే ఉంది. ఆమె గుమ్మంలో కనపడగానే మాల్యాద్రి ఉలిక్కిపడి నా మీద గోనెపట్టా లాగేశాడు. రంగు ఇంకా ఆరలేదు. అక్షరాలు అలికిపోయాయి.

"అయ్యోరూ, టౌనునించి ప్రైవేటు వ్యానుబడోళ్ళు వచ్చి పోతండారు. సలోమిని అందులో ఎయ్యమంటండారు. నాకేం తెలుస్తది? మీరేం చెబితే అది," అంది మార్తమ్మ.

మాల్యాద్రి పంతులు, చేతికి అంటిన తెల్లరంగు పంచెకు తుడుచుకుంటూ, "మన బళ్ళో వెయ్యి మార్తమ్మా. నేను లేనూ?" అన్నాడు.

ఆమె ముఖం విప్పారింది. "అంతే చాలు," అని పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది.

మూడు రోజుల తర్వాత పొద్దున్నే నన్ను ఆటో మీదికెక్కించి తాడుతో కట్టారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా బిందెలు వదిలేసి చూశారు. అడగడానికి ఏముంది? పెట్టె కట్టారంటే బిడ్డ పోతున్నట్టే.

నేను ఆ పిల్ల మాట చెబుతానని మీరు ఎదురుచూస్తుంటారు. చెబుతాను. ఆ నాలుగంతస్తుల మేడలో వారం వారం పరీక్ష ఉండేది. ర్యాంకును బట్టి తరగతీ, తరగతిని బట్టి పడకగదీ మారేవి. మార్కులు తగ్గితే సోమవారం పొద్దున ఆయా వచ్చి, "నువ్వు కింది అంతస్తుకి," అనేది. బిందు నన్ను మెట్ల మీద ఈడ్చుకుంటూ దిగేది. మార్కులు పెరిగితే ఈడ్చుకుంటూ ఎక్కేది. మూడేళ్ళలో పదకొండు గదులు మారాం. మొదట్లో ప్రతి గదిలోనూ ఒక స్నేహితురాలు దొరికేది. ఆరో గదికి వచ్చేసరికి పక్క మంచం పిల్ల పేరు అడగడం మానేసింది.

అక్కడ ఏడిస్తే వార్డెనమ్మ పుస్తకంలో రాసుకుని ఇంటికి చెప్పేది. అందుకని బిందు నా మూత ఎత్తి, దాని వెనక తల పెట్టి, ఏదో వెతుకుతున్నట్టు కూర్చునేది. అంత పెద్ద మేడలో ఆ పిల్లకు దొరికిన చాటు నేనొక్కదాన్నే. నాకు చేతులు లేకపోవడం మీద ఎప్పుడైనా బాధ కలిగిందంటే అప్పుడే.

నెలకో ఆదివారం అమ్మానాన్నలు వచ్చేవారు. మొదటిసారి వచ్చినప్పుడు బిందు తండ్రి చెయ్యి రెండు చేతులా పట్టుకుంది.

"నాన్నా, నేను మన బడికొచ్చేస్తా."

"మన బళ్ళో ఏముందమ్మా?"

"నువ్వుండావు గదా."

వెంగమాంబ అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాల్యాద్రి మాత్రం, "ఈ వారం ఎన్నో ర్యాంకు?" అని అడిగాడు. ముప్పై ఒకటి అని చెప్పింది బిందు. ఆ తర్వాత ఆ పిల్ల ఇంటికొస్తానని మళ్ళీ అనలేదు. తండ్రి కనపడగానే అడగకుండానే ర్యాంకు చెప్పడం అలవాటు చేసుకుంది. అతను దాన్ని ఎదుగుదల అనుకున్నాడు.

సెలవులకు వచ్చినప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడి, చెయ్యెత్తి, "నీళ్ళు తాగొచ్చా?" అని అడిగింది ఒకసారి. వెంగమాంబ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది.

ఊళ్ళో సంగతులు సెలవుల్లోనే తెలిసేవి నాకు. మేం పోయిన ఏడాదే పద్దెనిమిది మంది వ్యాను ఎక్కారు. మరుసటి ఏడు ఇంకో పదకొండు. మాల్యాద్రి ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. ఉచిత పుస్తకాలన్నాడు, మధ్యాహ్న భోజనమన్నాడు. అందరూ మర్యాదగా మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, "పాప బాగుండాదా అయ్యోరూ?" అని అడిగేవారట. అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని వెంగమాంబతో చెప్పుకున్నాడు ఒక సాయంత్రం.

మూడో ఏడు బళ్ళో ఏడుగురు మిగిలారు. వేసవిలో బడి మూసేస్తున్నట్టు కాగితం వచ్చింది. పిల్లల్ని నాలుగు కిలోమీటర్ల అవతల బళ్ళో కలిపారు. మధ్యలో లారీలు ఆగకుండా పోయే పెద్ద రోడ్డు. బిందుకు చక్రాల సూట్‌కేసు కొన్నారు కాబట్టి నేను ఖాళీగా ఉన్నాను. బడి రిజిస్టర్లు సర్దడానికి మాల్యాద్రి నన్ను సైకిలు మీద బడికి తీసుకెళ్ళాడు.

హాజరుపట్టీలు నాలో పేరుస్తుంటే మార్తమ్మ వచ్చింది. ఈసారి గుమ్మం బయటే నిలబడింది.

"అయ్యోరూ, నేను పొద్దున ఆరింటికే పనిలోకి పోవాల. ఆ రోడ్డు దాటించేదెవరు? వ్యానుబడికి నా కూలి చాలదు. సలోమి రేపట్నించి నాతోపాటే గ్రేడింగుకొస్తది."

"అట్టా అనొద్దు మార్తమ్మా. ఏదో ఒకటి చేద్దాం. చురుకైన పిల్ల అది."

"చురుకైందేలే." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఊరంతా మీ పెట్టె జూసి పిల్లకాయల్ని వ్యాను ఎక్కించారు. నేనొక్కదాన్నే మీ మాట జూసి ఆగిపోయినా. కళ్ళు నమ్మినోళ్ళు బాగుండారు అయ్యోరూ. చెవులు నమ్మినదాన్ని నేను."

ఆమె వెళ్ళాక అతను నా పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. బడి గంట కొట్టేవాళ్ళు లేరు కాబట్టి ఎంతసేపు కూర్చున్నాడో నేను చెప్పలేను.

రిజిస్టర్లతో సహా నన్ను ఇంటికి తెచ్చి వరండాలో ఉంచాడు. ఆ వారమే బిందు హాస్టలుకు తిరిగి పోవాలి. అన్నాల దగ్గర మాల్యాద్రి తల దించుకుని అన్నాడు.

"బిందూ, నన్ను టౌను బళ్ళోకి మార్చారమ్మా. ఏడో తరగతి కూడా ఉంది. నాతోపాటు సైకిలు మీద వచ్చేస్తావా? ఇక హాస్టలు వద్దు."

వెంగమాంబ వడ్డించడం ఆపేసింది. మూడేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది.

బిందు అన్నం కలుపుతూనే, "వద్దు నాన్నా, అక్కడే ఉంటా," అంది. ఊళ్ళో యాస పూర్తిగా పోయింది ఆ పిల్ల నోట్లో.

"అదేందమ్మా? నువ్వే గదా మన బడికొస్తానన్నావు?"

"అప్పుడు చిన్నదాన్ని కదా." పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది. "ఇక్కడ మీతో ఏం మాట్లాడాలో నాకు తెలియట్లేదు. అక్కడైతే ఎవరూ మాట్లాడరు. అదే బాగుంది."

కోపంతో అనలేదు. అడిగారు కాబట్టి జవాబు చెప్పిందంతే. కంచం కడిగేసి, సూట్‌కేసు సర్దుకుంటానని లోపలికి పోయింది. వెంగమాంబ భర్త వంక చూసింది. ఆ చూపులో ఏముందో నేను చెప్పను. అతనికి అర్థమైంది.

జూన్ ఆఖరులో నన్ను మండల విద్యాశాఖ ఆఫీసుకు చేర్చాడు. గుమాస్తా ఒక్కో రిజిస్టరూ తీసి చూసి, ఒక పుస్తకం దగ్గర ఆగాడు.

"ఏ బళ్ళో చేరారో ఏడుగురిలో ఆరుగురికే రాశారు. ఈ చివరి గడి ఖాళీగా ఉందేంటి మాష్టారూ?"

"ఆ పిల్ల ఎక్కడా చేరలేదండీ. తల్లితో పనికి పోతోంది."

"అట్లా రాస్తే పైనుంచి సవాలక్ష ప్రశ్నలొస్తాయి. మీక్కూడా మెమో వస్తుంది. కలిపిన బళ్ళో చేరిందని రాసెయ్యండి. ఎవరు చూడొచ్చారు?"

మాల్యాద్రి కలం మూత తీసి పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత రాశాడు. పిల్లలకు డిక్టేషన్ చెప్పేటప్పటి అలవాటు కాబోలు, రాస్తూ మెల్లగా పైకి చదివాడు కూడా. ముత్యాల్లాంటి అక్షరాలని అందరూ మెచ్చుకునే చేతిరాత అది. సంతకం పెట్టి, పుస్తకాన్ని అన్నిటికంటే అడుగున దాచి, నా మూత వేశాడు.

అప్పటినుంచి ఈ స్టోరు గదిలో, విరిగిన బల్లల మధ్య ఉన్నాను. తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మార్తమ్మ కూతురి గోళ్ళు ఈపాటికి పొగాకు జిగురుతో నల్లబడి ఉంటాయి. నేను మోస్తున్న పుస్తకంలో మాత్రం సలోమి రోజూ బడికి పోతూనే ఉంది.